జీర్ణక్రియకి పడిన పిన్నులు

సైన్స్ గది, మా స్కూలు
స్కూలు తెరిచిన మూడో వారం, బుధవారం

అక్కా,

ముందు కూర్చో. చేతిలో సూది గానీ పసిబిడ్డ గానీ ఉంటే ఎవరికైనా అప్పగించి మరీ కూర్చో. మా స్కూల్లో కొంప మునిగింది. ముంచింది నేనే. అయినా ఎందుకో ఎగిరి గంతెయ్యాలని ఉంది!

ఏటా స్కూలు తెరిచే ముందురోజు నేను చేసే పని ఒకటుంది. చెప్పుకునేంత గొప్పది కాదు గనక నీకెప్పుడూ చెప్పలేదు. తొమ్మిదో తరగతి జీవశాస్త్రం పుస్తకాలన్నీ ఈ గదిలో బల్ల మీద పేర్చుకుని, ఒక్కోదానిలో మానవ ప్రత్యుత్పత్తి పాఠం పేజీలు కలిపి మూడు వైపులా స్టేప్లర్‌తో పిన్నులు కొడతాను. ఆ పాఠం వచ్చేసరికి "ఇది పరీక్షకి రాదు" అని తరువాతి పాఠానికి దూకేస్తాను. నాకు ముందున్న టీచరుగారూ అంతే. అల్మారా తలుపు లోపల ఆవిడ అతికించిన చీటీ ఇప్పటికీ ఉంది: '114 నుంచి 129'. పదకొండేళ్లుగా ఆ చీటీ చూస్తాను, పిన్నులు కొడతాను, ఇంటికి పోతాను.

ఈ ఏడు పుస్తకం కొత్త ముద్రణ వచ్చింది. పాఠాలు అటూ ఇటూ అయ్యాయి. నేను మాత్రం మామూలుగానే చీటీ చూసి కొట్టేశాను.

ఏమైందో తెలిసిందా? పిన్నులు జీర్ణక్రియకి పడ్డాయి! నలభై రెండు పుస్తకాల్లో అన్నకోశం, పేగులు, కాలేయం అన్నీ బందోబస్తుగా మూతపడ్డాయి. అసలు పాఠం మాత్రం హాయిగా తెరుచుకుని ఉంది.

నిన్న క్లాసులో మూడో బెంచీ పిల్ల లేచి నిలబడి చాలా మర్యాదగా అడిగింది: "మేడమ్, జీర్ణక్రియలో మేం చూడకూడనిది ఏముంది?"

క్లాసు క్లాసంతా బల్లలు కొట్టి నవ్వారు. నాకు చెమటలు పట్టేశాయి. రెండు వారాల్లో ఆ తెరిచి ఉన్న పాఠాన్ని పిల్లలు కంఠస్థం చేసేశారక్కా! ఏ పాఠమూ ఇంత శ్రద్ధగా చదవలేదు. లెక్కల మాస్టారి కూతురు మా క్లాసే. భోజనాల దగ్గర "నాన్నా, కవలలు ఎలా పుడతారో నీకు తెలుసా? నాకు తెలుసు" అందట. ఆయనకి ముద్ద గొంతులో అడ్డం పడిందట.

ఇక పంచాయితీ మొదలు. తల్లిదండ్రుల సంఘంలో పదకొండు మంది ఉన్నారు. ఆరు వారాల్లో కూర్చుని తేలుస్తారు. మాస్టారు పన్నెండు పేజీల పుస్తకం ఒకటి తెచ్చారు, దాని పేరు 'ఆగుదాం'. పెళ్లి దాకా ఆగండి, అదే అందులో సారాంశం. అది చెప్పాలా, లేక నన్ను పూర్తి పాఠం చెప్పనివ్వాలా అన్నది ఓటు. పెద్ద మేడమ్ నన్ను పిలిచి "మీరేమంటారు?" అన్నారు. మళ్లీ పిన్నులు కొట్టుకుంటాను మేడమ్ అనడానికే నోరు తెరిచాను. బయటికి వచ్చిన మాట: "పూర్తిగా చెబుతాను." నేనేనా అన్నది అని నాకే ఆశ్చర్యం!

చెప్పుల డబ్బాకి పైన చిల్లు పెట్టి మంచినీళ్ల కుళాయి దగ్గర ప్రశ్నల పెట్టె పెట్టాను. పేర్లు రాయక్కర్లేదు. జవాబులకి నువ్వు కావాలి. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. ఈ మాటలు నోటితో అనాలంటే నాకు దగ్గొస్తుంది. కాగితం మీదయితే ఇద్దరం మనుషుల్లా మాట్లాడుకోవచ్చు. సాయం చేస్తావుగా?

నీ చెల్లి

*

ప్రసూతి వార్డు, నర్సుల గది
శనివారం

చేపపిల్లా,

జీర్ణక్రియకి పిన్నులు కొట్టిన టీచరువి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. నేను నవ్విన నవ్వుకి పక్క గదిలో బిడ్డ లేచింది.

నవ్వడం అయింది. ఇక తిట్లు.

నేను మీ లెక్కల మాస్టారి వైపే. నీకు కోపం వస్తే రానీ. నువ్వు బోర్డు మీద బొమ్మలు గీస్తావు, నేను ఇక్కడ ఆ బొమ్మల ఫలితాలు పట్టుకుంటాను. పోయిన వారం పదిహేనేళ్ల పిల్ల కడుపునొప్పి అని వచ్చింది. చూస్తే ఏడో నెల. వాళ్లమ్మ గోడకి చేరగిలబడి అలాగే కిందికి జారిపోయింది. ఆ పిల్ల నన్నడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "సోమవారం బడికి వెళ్లొచ్చా సిస్టర్?" అని. పాతికేళ్లుగా ఇలాంటివాళ్లని చూస్తూనే ఉన్నాను. ఆగమని ఎవరైనా గట్టిగా చెప్పి, నాలుగు భయపెట్టి ఉంటే ఆ పిల్ల ఇవాళ బడిలో ఉండేది. ఆ వయసుకి బొమ్మలూ వివరాలూ ఎందుకు?

నిన్ను నేను పెంచలేదూ? అమ్మ పోయేనాటికి నీకు ఆరేళ్లు, నాకు పదమూడు. నాన్న రైలు గార్డు, వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే. ఈ పాఠాలేమీ చెప్పకుండానే నిన్నింత దాన్ని చేశాను. ఏం, చెడిపోయావా?

ఒక్క ఈత విషయంలోనే నువ్వు నా మాట వినలేదు. నీళ్లలోంచి బయటికి లాగడానికి నా తల ప్రాణం తోకకి వచ్చేది. స్కూలు జట్టులో చేరావు, ఈత నేర్పే సారు ఇంటికొచ్చి మరీ మెచ్చుకున్నాడు. తీరా పోటీలకి నెల ముందు బద్ధకించి మానేశావు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ప్రశ్నలు పంపితే పంపు. నీ వైపు లేను. కానీ జవాబు తెలిసీ నోరు మూసుకోవడం నా వల్ల కాదు.

అక్క

*

సైన్స్ గది
ఐదో వారం, సోమవారం

అక్కా,

ఆ పేరుతో పిలవొద్దని ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నాను! నాకు నలభై ఒకటి. మోకాళ్లు పట్టేస్తున్నాయి, చేపపిల్లట!

నీ వార్డులో పిల్ల గురించి రెండుసార్లు చదివాను. కానీ ఒక్కటి అడుగుతాను. ఆగమని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదంటావా? చెప్పే ఉంటారు. ఏం చెయ్యకుండా ఆగాలో చెప్పి ఉండరు. కుదిరితే అడుగు.

సరే, అసలు కబురు. పెట్టె నిండిపోయింది! మొదటి రోజు రెండే చీటీలు. ఒకదాంట్లో 'పరీక్షకి వస్తుందా?' అని, ఇంకోదాంట్లో చాక్లెట్ కాగితం. నీరుగారిపోయాను. మూడో రోజు మూత తీసి చూస్తే పద్దెనిమిది! కుళాయి దగ్గర పిల్లలకి ఒక్కసారిగా దాహాలు ఎక్కువైపోయాయి. సగం చీటీల చివర 'ఇది నా కోసం కాదు, స్నేహితురాలి కోసం' అని ఉంటోంది. స్నేహితుల కోసం ఇంత తపించిపోయే పిల్లలు మా స్కూల్లో ఉన్నారని నాకిన్నాళ్లూ తెలియదు.

ముప్ఫై ఒకటి పంపుతున్నాను. కొన్ని చూడు:

'నా గొంతు బొంగురుపోయింది. పాత గొంతు మళ్లీ వస్తుందా? పాటల పోటీలో పేరిచ్చేశాను.'

'ముద్దు పెట్టుకుంటే కడుపొస్తుందా?'

'మా క్లాసులో అందరికీ వచ్చింది. నాకింకా రాలేదు. నేను ఆడపిల్లనేనా?'

'అబ్బాయిలకి ఊరికే ఏడుపొస్తే అది జబ్బా?'

ఈ నాలుగోది చదివి నాకే ఏడుపొచ్చింది. నేను మగపిల్లల్ని తిట్టే టైములో ఒకసారైనా వాళ్ల మొహం సరిగ్గా చూశానా అనిపించింది. లెక్కల మాస్టారు పెట్టె పక్కనుంచి వెళ్లినప్పుడల్లా దాని వంక పాముని చూసినట్టు చూస్తున్నారు. మనిషి చెడ్డవాడు కాదక్కా. కూతురంటే ప్రాణం, అదే ఆయన బాధ.

జవాబులు తొందరగా పంపు. మీటింగుకి ఇంక నాలుగు వారాలే. నాకు నిద్ర లేదు, ఆకలి లేదు, అయినా ఇంత హుషారు కాలేజీ రోజుల్లో కూడా లేదు!

నీ చెల్లి

*

నర్సుల గది
ఆరో వారం, ఆదివారం

చేపపిల్లా (అరిచి చావు, నేనిలాగే పిలుస్తాను),

ముప్ఫైకి జవాబులు ఒక్కో చీటీ వెనకే రాశాను. పాటల పిల్లాడికి చెప్పు, పాత గొంతు రాదు, కొత్తది వస్తుంది, అదీ బాగుంటుంది, కాస్త ఓపిక పట్టమని. ఇంకా రాలేదన్న పిల్లకి చెప్పు, నాకు పదిహేను నిండాక వచ్చింది, నేను ఆడదాన్ని కాదని అనే ధైర్యం ఎవడికీ లేదు అని. పదహారు దాటినా రాకపోతే డాక్టరు దగ్గరికి పంపు. ముద్దు పిల్లకి రెండు అక్షరాలు చాలు: రాదు. ఏడుపు పిల్లాడికి జవాబు రాస్తుంటే నా కన్నీళ్లు పడి చీటీ తడిసింది, కొత్త కాగితం మీద రాశాను.

ఇన్ని జవాబులు రాశాక నీ వైపు వచ్చేశాననుకోకు. లేదు.

కానీ ఆ ముప్ఫై ఒకటో చీటీ! 'అబ్బాయిలు దిగిన కొలనులో ఈత కొడితే కడుపొస్తుందా? వచ్చే నెల పోటీలున్నాయి' అట! ఆ చీటీ వార్డులో నలుగురికీ చదివి వినిపించాను. డ్యూటీ డాక్టరమ్మ కుర్చీలోంచి పడబోయింది. ఒక నర్సు అంది కదా, అలా అయితే మునిసిపాలిటీ కొలను పక్కనే మనం ఇంకో వార్డు కట్టుకోవాలి అని. ఎవరే ఆ మహాతల్లి? ఏ మట్టిబుర్రకి తట్టింది ఇంత గొప్ప ఆలోచన? దీనికి జవాబు రాయలేదు. నవ్వి నవ్వి పెన్ను జారిపోయింది.

అక్క

*

ఇంట్లో, వంటగది బల్ల
ఏడో వారం, బుధవారం

అక్కా,

నవ్వకు.

ఆ ముప్ఫై ఒకటో చీటీ నేను రాశాను, చేతిరాత నువ్వు పోల్చకుండా ఎడమచేత్తో. ఆ మట్టిబుర్ర నాదే.

నువ్వేం జవాబు రాస్తావో చూడాలనిపించింది. పద్నాలుగేళ్లప్పుడు అడగాల్సిన ప్రశ్న అది. ఇరవయ్యేడేళ్లు ఆలస్యంగా అడిగాను.

నేను తొమ్మిదిలోకి వచ్చినప్పుడు నీ పాత పుస్తకమే నాకిచ్చావు, గుర్తుందా? అట్ట వేసి, మీద నీ చేత్తో నా పేరు రాసి. అందులో ప్రత్యుత్పత్తి పాఠం పేజీలు జిగురుతో అంటించేసి ఉన్నాయి. స్కూల్లో పాత టీచర్లు అంటించి ఉంటారనుకున్నాను. మూసేసి ఉంటే తెరవకుండా ఉండగలనా? నువ్వు నర్సింగ్ హాస్టల్లో ఉన్న వారం కెటిల్‌లో నీళ్లు మరగబెట్టి, ఆవిరి పట్టి, ఒక్కో పేజీ లాగాను. కొన్ని వచ్చాయి. మధ్యలో రెండు కాగితాలు ఎంతకీ విడిపోలేదు. తడిసి ముద్దయి పేజీల నంబర్లు కూడా పోయాయి.

అక్కా, అంతకు ముందుది కప్పల పాఠం. ఆడకప్ప నీళ్లలో గుడ్లు పెడుతుంది, మగకప్ప నీళ్లలోనే వాటిని ఫలదీకరణం చేస్తుంది, అని పేజీ అయిపోయింది. నాకు విడివడిన తరువాతి పేజీ ఎలా మొదలయిందో తెలుసా? 'ఈ విధంగా ఏర్పడిన పిండం స్త్రీ గర్భాశయంలో తొమ్మిది నెలలు పెరుగుతుంది.' ఆ రెండూ కలిపి ఒకే గుక్కలో చదివాను.

నేను రోజూ ఆరుగురు అబ్బాయిలతో ఒకే కొలనులో ఈత కొట్టేదాన్ని.

ఆ రోజు నుంచి మళ్లీ నీళ్లలో దిగలేదు. సారు మూడుసార్లు ఇంటికొచ్చాడు, జలుబన్నాను. నువ్వు బద్ధకం అన్నావు, రెండు వారాలు మాట మానేశావు. నేను కేలండర్‌లో ఒక్కో రోజూ కొట్టేసుకుంటూ తొమ్మిది నెలలు లెక్కపెట్టాను. స్నానానికి వెళ్లినప్పుడల్లా పొట్ట తడుముకునేదాన్ని. నాన్నకి ఎలా చెప్పాలా అని ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను. తొమ్మిదో నెల దాటాక ఆ ఉత్తరం చింపి వంటగది పొయ్యిలో వేశాను. నిజం తెలిసింది కాలేజీలో, కప్పని కోసిన రోజు. అందరూ ముక్కు మూసుకుంటే నేను పకపకా నవ్వాను, తరువాత బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. చెడిపోయావా అని అడిగావు కదా. లేదు. కానీ ఆ తొమ్మిది నెలలు నేనెలా బతికానో నీకు తెలియదు.

ఇక నా సిగ్గుమాలినతనం కూడా విను. ఇంత తెలిసినదాన్ని, టీచరునయ్యాక పదకొండేళ్లు నేనే పిన్నులు కొట్టాను. అందరూ కొడుతున్నారు కదా అని.

జవాబు రాయి. ఆ చీటీకి.

నీ చెల్లి

*

సైన్స్ గది
ఎనిమిదో వారం, గురువారం

అక్కా,

వారం దాటింది. కోపమా? నేనంత గట్టిగా రాయకుండా ఉండాల్సిందేమో. మీటింగు వచ్చే బుధవారమే. ఒక్క ముక్క రాయవే.

చెల్లి

*

నర్సుల గది
శుక్రవారం

చెల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది చింపను.

ఆ పేజీలు అంటించింది స్కూలు వాళ్లు కాదు. నేను.

నువ్వు తొమ్మిదిలోకి వెళ్లే ముందు ఆదివారం అది. అప్పటికి నేను నర్సింగ్ రెండో ఏడు. ఆ పాఠంలో ఉన్నవీ లేనివీ అన్నీ తెలుసు. ఆ వారమే గర్భాశయం బొమ్మ గీసి క్లాసులో మొదటి మార్కు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి మైదా ఉడికించి, జిగురు చేసి, ఆ పేజీలకి నా చేత్తో పూశాను. మీద నాన్న ఇస్త్రీ పెట్టె బరువు పెట్టాను.

నువ్వు చెడిపోతావని కాదే. నువ్వు చదివితే నన్ను అడుగుతావు. అడిగితే నీ మొహం చూస్తూ చెప్పాలి. పరాయివాళ్లు వందమందికయినా చెప్పగలను, నీకు చెప్పడానికి సిగ్గేసింది. అమ్మ అయితే ఎలా చెప్పేదో నాకు తెలియదు, నాకు చెప్పే సమయానికే అమ్మ లేదు. అందుకని అంటించేసి చేతులు దులుపుకున్నాను. నిన్ను భద్రంగా పెంచేశానని ఇన్నేళ్లూ జబ్బలు చరుచుకున్నాను. నీ ఈత నేనే పోగొట్టాను. పైగా బద్ధకం అని తిట్టాను. నీ చీటీ చదివి వార్డంతా నవ్వించాను. క్షమించు. ఈ మాట నీకు ఎప్పుడూ అనలేదనుకుంటా. క్షమించు.

ఇంకొకటి. ఆ పదిహేనేళ్ల పిల్ల మొన్న చెకప్‌కి వచ్చింది. నువ్వు అడగమన్నది అడిగాను. ఏమందో తెలుసా? "అందరూ ఆగమనే చెప్పారు సిస్టర్. ఏం చెయ్యకుండా ఆగాలో నేనే ఊహించుకున్నాను. తప్పుగా ఊహించుకున్నాను." నాకు నీ కప్పలు గుర్తొచ్చాయి. గోడవైపు తిరిగి బీపీ మిషన్ సర్దుతున్నట్టు నటించాను.

బుధవారం మీటింగులో కప్ప సంగతి చెప్పు. నీకు సిగ్గయితే నా ఉత్తరం చదివెయ్యి. అంటించింది అక్క అని, ఆ అక్క ప్రసూతి వార్డులో హెడ్ నర్సు అని కూడా చెప్పు, దాచకు. ఒక్కటి మాత్రం నా మాటగా విను. ఆగమనే మాటని పాఠంలోంచి తీసెయ్యకు. ఆగడం మంచిదే, ఆ ఈడు పిల్లలకి మరీ మంచిది. కానీ అది పాఠంలో ఒక పేజీ కావాలి. మిగతా పేజీలకి పూసే జిగురు కాకూడదు.

నీ ముప్ఫై ఒకటో ప్రశ్నకి జవాబు: రాదమ్మా. భయం లేకుండా వెళ్లి ఈత కొట్టు.

అక్క

*

సైన్స్ గది
తొమ్మిదో వారం, బుధవారం, సాయంత్రం ఐదు

అక్కా! అక్కా! అక్కా!

ఇప్పుడే అయింది, కుర్చీలు కూడా సర్దలేదు. గెలిచాం! ఆరు, అయిదు! గబగబా రాసేస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

వరసగా చెబుతాను. సంగీతం గదిలో కూర్చున్నాం. ముందు లెక్కల మాస్టారు మాట్లాడారు. బాగా మాట్లాడారక్కా, అబద్ధమెందుకు. "నా కూతురికి పద్నాలుగేళ్లు. ఇంకో నాలుగేళ్లు ఈ గోల లేకుండా పెరగనివ్వమంటున్నాను. తండ్రిగా ఇది నా తప్పా?" అన్నారు. సగం మంది చప్పట్లు కొట్టారు. నాకూ చప్పట్లు కొట్టాలనిపించింది, చూడు నా బుద్ధి!

తరువాత నేను. పాఠం గురించి రాసుకున్న నాలుగు కాగితాలూ మడిచి పక్కన పెట్టేశాను. "నా పద్నాలుగో ఏట నేను కప్పల వల్ల ఈత మానేశాను" అని మొదలుపెట్టాను. కెటిల్ దగ్గరికి వచ్చేసరికి ముసిముసి నవ్వులు. కప్ప పేజీ, ఆ తరువాతి పేజీ కలిపి చదివిన దగ్గర గదంతా ఘొల్లుమంది. పెద్ద మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మాస్టారు కూడా నవ్వారు! అప్పుడు కేలండర్ సంగతి చెప్పాను. నాన్నకి రాసిన ఉత్తరం సంగతి చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు నీ ఉత్తరం చదివాను. 'అంటించింది నేను' దగ్గర ఆగిపోయాను. పక్కనున్న బస్సు నడిపే ఆవిడ, ఆవిడ కొడుకు మా క్లాసే, నా చేతిలోంచి కాగితం తీసుకుని మిగతాది తనే గట్టిగా చదివేసింది. చదివి కూర్చోకుండా అంది: "అద్దానికి సగం అట్ట కట్టి నడపమంటే నేను బస్సు నడపను. నా పిల్లాణ్ణి అలా ఎలా నడవమంటాను?"

ఓట్లు అయ్యాయి. అయిదు, అయిదు అయ్యాక ఆవిడదే ఆఖరి చెయ్యి. నువ్వన్నట్టే 'ఆగుదాం' పుస్తకంలోంచి రెండు పేజీలు నా పాఠంలో చేరుస్తున్నాం. అది నేనే అడిగాను. పిన్నులు మాత్రం ఇక లేవు. స్టేప్లర్ ఆఫీసుకి తిరిగి ఇచ్చేశాను!

మాస్టారు చివరి దాకా నా వైపు చెయ్యెత్తలేదు. అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చి నిలబడ్డారు. తిడతారనుకున్నాను. "మేడమ్, ఆ మొదటి క్లాసులో వెనక బెంచీలో నన్ను కూడా కూర్చోనిస్తారా? ఇంట్లో పిల్ల అడిగితే జవాబు చెప్పగలిగితే చాలు" అన్నారు.

ఏం చెప్పను! రండి మాస్టారూ అన్నాను.

నీ చెల్లి

*

నర్సుల గది
శుక్రవారం

చెల్లీ,

నీ ఉత్తరం వార్డులో అందరికీ చదివి వినిపించాను. పోయినసారి నవ్వినవాళ్లందరినీ వరసగా నిలబెట్టి మరీ. డాక్టరమ్మ ముక్కు చీదుకుంది.

వచ్చే వారం శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. ఆదివారం పొద్దున ఆరింటికి కొలను తలుపులు తీస్తారట, కనుక్కున్నాను. నీ ఎర్ర రబ్బరు టోపీ నా ట్రంకు పెట్టెలోనే ఉంది. నువ్వు చెత్తలో పడేస్తే తీసి దాచాను. ఎందుకో అప్పుడు నాకూ తెలియదు. రబ్బరు కాస్త గట్టిపడింది, వేడినీళ్లలో నానబెట్టాను. తలలో జుట్టు తగ్గింది కాబట్టి పట్టేస్తుందిలే.

కుంటిసాకులు చెప్పావంటే ఊరుకోను. జలుబు అసలు చెప్పకు.

అక్క

*

సైన్స్ గది
పదకొండో వారం, సోమవారం

అక్కా,

నిన్న బస్టాండులో నీకు చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. మనిద్దరికీ కాగితమే కలిసొచ్చింది.

ముందు ఇవాళ్టి కబురు. మొదటి క్లాసు అయింది! మాస్టారు వెనక బెంచీలో నోటుపుస్తకంతో కూర్చున్నారు. ఆయన కూతురు ముందు బెంచీలో, ఈయనెవరో తనకి తెలియనట్టు. నేను బోర్డు మీద బొమ్మ గీశాను, దగ్గు రాలేదు! మూడో బెంచీ పిల్ల ఎనిమిది ప్రశ్నలు అడిగింది, ఆరింటికి జవాబు చెప్పాను, రెండు నీకు పంపుతున్నాను. మాస్టారు వెళ్తూ వెళ్తూ పెట్టెలో చీటీ వేసి వెళ్లారు. 'కవలల సంగతి ఇంకొకసారి నిదానంగా చెప్పగలరు.' పేరు రాయలేదు, కానీ కింద చక్కగా అడ్డగీత కొట్టారు, లెక్క పూర్తయినప్పుడు కొట్టినట్టు.

ఇక నిన్నటిది. కొలను మెట్టు మీద నిలబడి నేను దిగడానికి పావుగంట పట్టింది కదా. చలి అన్నాను. చలి కాదు. అందులో ఇద్దరు ముసలాయనలు ఈత కొడుతున్నారు. పిల్లలకి పాఠం చెప్పే టీచరుని, నలభై ఒక్క ఏళ్లదాన్ని, అయినా ఒక్క క్షణం నా చెయ్యి పొట్ట మీదికి పోయింది. నువ్వు చూశావు. చూసి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మెట్టు దిగి మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడ్డావు. ఈత రానిదానివి, జీవితంలో కొలనులో కాలు పెట్టనిదానివి. "రా" అన్నావు. అప్పుడు దిగాను.

కోపం ఉందా అని బస్సు ఎక్కుతూ అడిగావు. ఉంది. కొంచెం ఉంది. ఆ కొంచెం పోవడానికి ఇంకొన్ని ఆదివారాలు పడుతుంది. దాచి లాభం లేదు. కానీ నా వంతు లెక్క కూడా ఉందిగా. పదకొండేళ్లు, ఏటా నలభై మంది. వాళ్లలో ఎవరు దేనికి భయపడి ఏం మానేశారో నాకు తెలియదు. ఈ పెట్టె ఇక్కడే ఉంటుంది, పాత పిల్లలెవరైనా వచ్చి వేసినా సరే అని గేటు దగ్గర రాసి పెట్టాను.

ఆ చివర నేను తేలినప్పుడు నువ్వు గట్టు మీద నాడి చూసే గడియారం పట్టుకుని గెంతుతున్నావు. "నలభై ఏడు సెకన్లు! నలభై ఏడు!" అని అరిచావు. ఆ ముసలాయనలు ఈత ఆపి చూశారు. అప్పట్లో ఇదే దూరానికి పంతొమ్మిది కదక్కా, దానికింత గెంతాలా? కానీ నువ్వు గెంతుతుంటే నాకు నీళ్లలోనే ఏడుపొచ్చింది. కొలనులో ఏడిస్తే ఎవరికీ తెలియదు, అదొక సుఖం.

వచ్చే ఆదివారం నువ్వూ దిగాలి, మోకాళ్ల దాకా కాదు, పూర్తిగా. నేను నేర్పుతాను. సందేహాలుంటే అక్కడే అడుగు, మొహం చూస్తూ చెబుతాను.

ఇట్లు,
చేపపిల్ల